అన్నం తినని బిడ్డ – పాడి ఇంటివారు గమనించవలసిన విషయాలు

గేదె ఒక పూట మేత మానితే పాడిరైతు దానిని కొట్టడు. ఒళ్ళు వెచ్చగా ఉన్నదా, నోటిలో పుండు ఉన్నదా, నెమరు వేస్తున్నదా అని చూస్తాడు. తేరుకోకపోతే పశువైద్యునికి కబురు పంపుతాడు. అదే ఇంటిలో బిడ్డ అన్నం తినకపోతే మాత్రం మొండితనం అంటారు. బూచివాడిని పిలుస్తారు, ముక్కు మూసి మింగిస్తారు, చివరకు తల్లిని నిందిస్తారు. పశువు విషయంలో చూపే వివేకం బిడ్డ విషయంలోనూ చూపవలెను.

బిడ్డ బరువు ఏడాది నిండేసరికి పుట్టినప్పటికంటె సుమారు 3 రెట్లు అవుతుంది. రెండవ ఏట మాత్రం 2 నుండి 2½ కిలోలే పెరుగుతుంది. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది. చురుకుగా ఆడుకుంటూ, సక్రమంగా బరువు పెరుగుతున్న బిడ్డ ఒక పూట తక్కువ తిన్నా భయపడనక్కరలేదు.

పాలు ఎక్కువైనా చిక్కే

అన్నం తినలేదని తల్లి గ్లాసుడు పాలు ఇస్తుంది. కడుపు నిండిన బిడ్డ తరువాతి పూట కూడా అన్నం ముట్టదు. మళ్ళీ పాలే ఇస్తారు. పాలలో మాంసకృత్తులు, కాల్షియం దండిగా ఉన్నా ఇనుము అతి స్వల్పం. పైగా పాలు మితిమీరితే ఇతర ఆహారంలోని ఇనుము కూడా సరిగా ఒంటబట్టదు. దీనివలన రక్తహీనత వస్తుంది, ఆకలి మరింత మందగిస్తుంది, చదువులో కూడా బిడ్డ వెనుకబడవచ్చును. కాబట్టి ఏడాది దాటిన పిల్లలకు రోజుకు అర లీటరుకు మించకుండా, భోజనం తరువాతనే పాలు ఇవ్వవలెను. టీ ఇవ్వరాదు. అట్లని ఉన్న పాలన్నీ కేంద్రంలో పోసి బిడ్డకు చుక్క మిగల్చకపోవడమూ తగదు.

ఇంటిలో పాటించవలసినవి

1. రోజుకు 3, 4 సార్లు భోజనం, 1, 2 సార్లు చిరుతిండి వేళ ప్రకారం పెట్టవలెను. మధ్యలో బిస్కెట్లు, పొట్లాల తిండి వద్దు. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డకు వదలాలి.

2. మేత మార్చేటపుడు పాత మేతలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతాము గదా! బిడ్డకు కూడా అలవాటైన తిండితోపాటు కొత్తది కొంచెం పెట్టవలెను. కొందరు పిల్లలు 10 సార్లు రుచి చూస్తేగాని ఇష్టపడరు.

3. బెదిరింపు, బలవంతం, సెల్‌ఫోను చూపడం మానాలి. ఎదురుగా కూర్చుని, మాట్లాడుతూ తినిపించాలి. అరగంటలో తినకపోతే కోప్పడకుండా పళ్ళెం తీసివేయాలి.

4. పప్పు, గుడ్డు, తోటకూర, రాగులు పెట్టాలి. తోడుగా నిమ్మరసం, జామపండు ఇస్తే ఇనుము బాగా ఒంటబడుతుంది. వేరుశనగ గింజలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నది గనుక చిన్నపిల్లలకు పొడి చేసి పెట్టాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

బరువు పెరగకపోయినా, తగ్గినా, తినేటపుడు తరచు పొలమారినా, మింగడానికి ఏడ్చినా, వాంతులు అవుతున్నా, ఒళ్ళు పాలిపోయినా, మట్టి, సుద్ద తింటున్నా ఆలస్యం చేయరాదు. నోటిపూత, పిప్పిపళ్ళు, నులిపురుగులు, మలబద్ధకం కూడా ఆకలిని చంపుతాయి. కొందరు పిల్లలకు నమలడం, మింగడం నిజంగానే కష్టం. మరికొందరు కొన్ని వాసనలను, మెత్తని పదార్థాల స్పర్శను భరించలేక ఓకరిస్తారు, ఒకటి రెండు రకాలే తింటారు. ఆటిజం ఉన్న పిల్లలలో ఇది ఎక్కువ. ఇది బిడ్డ పొగరు కాదు, తల్లి చేతకానితనమూ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే అవసరమైనవారిని జిల్లా ఆసుపత్రికి పంపుతారు. ఓపికగా నేర్పిస్తే చాలామంది పిల్లలు మెరుగవుతారు.

పాలు పోసిన ప్రతిసారీ వెన్నశాతం ఎంతో అడిగి తెలుసుకుంటాము. అట్లే ప్రతి నెలా అంగన్‌వాడీ కేంద్రంలో బిడ్డను తూయించి, బరువు ఎంతో అడిగి వ్రాయించుకోవలెను. సంఘ కార్యదర్శులు ఈ వ్యాసమును పాలు పోసే వేళ సభ్యులకు, ముఖ్యంగా అత్తలకు, తండ్రులకు చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాను.