చారు చెడితే ఇల్లు చెడాలా?

సూపు అనగానే పెద్ద హోటళ్ళలో పింగాణీ గిన్నెలో పోసి ఇచ్చేదేదో మన కళ్ళముందు మెదులుతుంది. రోజూ మన పొయ్యిమీద కాగే చారును, పప్పుచారును, పులుసును మనం ఆ పేరుతో పిలవము. కాని నిజానికి అవే మన సూపులు. ఇంగ్లీషువారు ‘ముల్లిగటానీ’ అని గొప్పగా చెప్పుకొనే సూపుకు ఆ పేరు తమిళంలోని ‘మిళగు తణ్ణీర్’ నుండి వచ్చింది. అంటే మిరియాల నీళ్ళు. మద్రాసులో ఉన్న దొరలు మన దక్షిణాది మిరియాల చారు రుచి మరిగి, అందులో మాంసం చేర్చి చిక్కగా కాయించుకొని తమ బల్లమీదికి తెచ్చుకున్నారు.

చారు కాచడం ఎంత సులువో, చెడగొట్టడం కూడా అంతే సులువు. చింతపండు, ఉప్పు, కారం, పోపు. ఉన్నవే నాలుగు. వాటిలో ఏ ఒక్కటి అలిగినా ఆ పూట భోజనం నవ్వులపాలే. అందుకే ఏ ఇంటికి వెళ్ళి కదిపినా ఒక చారు కథ బయటికి వస్తుంది. కొన్ని ఇళ్ళలో దానిని కడుపుబ్బ నవ్వుతూ చెప్పుకుంటారు. కొన్ని ఇళ్ళలో కోడలు కొంగుతో కళ్ళొత్తుకుంటూ చెబుతుంది. జరిగిన పొరపాటు రెండుచోట్లా ఒకటే. తేడా చారులో లేదు, చుట్టూ కూర్చున్నవారిలో ఉంది.

మూడు చేతుల ఉప్పు

ప్రేమ విందు రోజున గుడి ఆవరణలో పెద్ద గుండిగతో పప్పుచారు కాగుతూ ఉంటుంది. వంట చూస్తున్న పెద్దమ్మ ఉప్పు వేసి, పిల్లవాడు ఏడిస్తే అటు వెళుతుంది. ఆమె వేసిందో లేదో తెలియని వదినగారు, ఎందుకైనా మంచిదని ఒక దోసెడు వేస్తుంది. ఆరాధన ముగించుకొని పరుగున వచ్చిన మూడో ఆమె, “వీళ్ళు మాటల్లో పడి ఉప్పు మరచిపోయి ఉంటారు” అని తన వంతు తాను వేస్తుంది. ముగ్గురిదీ మంచి మనసే. చారు మాత్రం సముద్రం.

మొదటి విస్తరి పాస్టరుగారిది. ఆయన ఒక ముద్ద నోట పెట్టుకొని, గుటక మింగి, వడ్డించే ఆమె ముఖంలోని ఆశ చూచి, “బాగుందమ్మా” అంటారు. ఆ మాటకు పొంగిపోయి ఆమె ఇంకొక గరిటె పోస్తుంది! మర్యాదకు అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

ఉప్పు ఎక్కువైన చారులో బంగాళాదుంప వేస్తే ఉప్పంతా పీల్చుకుంటుందని చాలామంది నమ్మకం. దుంప పీల్చుకొనేది ఉప్పును మాత్రమే కాదు, ఉప్పునీటిని. అందుచేత మిగిలిన చారు ఎప్పటి ఉప్పగానే ఉంటుంది. సరైన మందు ఒక్కటే, పలుచన చేయడం. నీళ్ళు, ఉడికించి మెదిపిన పప్పు, కాస్త చింతపండు రసం చేర్చి మళ్ళీ ఒక పొంగు రానిస్తే చారు దారికి వస్తుంది. పరిమాణం పెరుగుతుంది, అంతే. ఇంకో నలుగురిని భోజనానికి పిలవవచ్చు.

అన్నట్టు, పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపే, అంటే సుమారు ఒక చెంచాకు మించని ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి చారులో ఉప్పు తగ్గిందని అలిగే మగవారు ఈ మాటను కూడా గుర్తుంచుకొంటే మంచిది.

పొయ్యి దాటి పొంగిన చారు

చాలా వంటిళ్ళలో ఉప్పు, పంచదార, వంటసోడా మూడూ ఒకేరకం డబ్బాల్లో, పేరు లేకుండా, పక్కపక్కనే ఉంటాయి. ఒకనాటి సాయంత్రం కరెంటు పోయిన వేళ చేయి ఒక డబ్బా అవతల పడిందనుకోండి. ఉప్పనుకొని వేసిన చెంచాడు సోడా మరిగే చారులో పడగానే గిన్నె బుస్సుమంటుంది. నురగ అంచులు దాటి పొయ్యి ఆర్పేస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అమ్మ మాత్రం ఏదో పీడ పట్టిందని హడలిపోతుంది.

ఇందులో ఏ పీడా లేదు. చింతపండు పులుపులోని ఆమ్లము, సోడా కలిస్తే బొగ్గుపులుసు గాలి పుడుతుంది. గోలీ సోడాలో బుసబుసలాడేది ఆ గాలే. పిల్లలకు బడిలో చెప్పే పాఠం ఆ రోజు పొయ్యిమీదే జరిగిందన్నమాట.

ఎద్దులు తాగిన ఉలవచారు

కృష్ణా, గుంటూరు ప్రాంతాల పల్లెల్లో ఉలవచారుకున్న మర్యాద మరి దేనికీ లేదు. పూర్వం ఉలవలు ఉడకబెట్టేది ముఖ్యంగా ఎద్దుల కోసం. ఉడికిన ఉలవలు ఎద్దులకు వేసి, ఆ ఉడికిన నీటిని, అంటే ఉలవకట్టును, చింతపండుతో సన్నని సెగమీద చిక్కబడేవరకు కాచి ఇంటిల్లిపాదీ వెన్నతోనో మీగడతోనో తినేవారు.

ఉలవచారు ఎరుగని ఊరినుండి ఒక పిల్ల అలాంటి ఇంటికి కోడలుగా వచ్చింది. ఉలవలు ఉడికాయి, వార్చమన్నారు. వార్చింది. అత్తగారు పెరట్లోనుండి వచ్చి అడిగింది.

“అమ్మాయీ, ఉలవలు వార్చావా?”

“వార్చానత్తయ్యా. శుభ్రంగా జల్లెడలో వేసి ఉంచాను.”

“మరి కట్టేదమ్మా?”

“కట్టంటే? ఆ నల్లనీళ్ళా? కుడితి గోలెంలో పోసేశాను.”

ఇల్లంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. పొద్దున్నుండి ఉలవచారు మీద ఆశ పెట్టుకొని కూర్చున్న మామగారు కొట్టంవైపు చూశారు. ఎద్దులు తలలు ఎత్తకుండా తాగుతున్నాయి. ఆయన నవ్వి అన్నారు: “పోనీలే, ఈ పూట వాటికి చారు, మనకు గుగ్గిళ్ళు. ఏడాది పొడుగునా దున్నేది అవే కదా!” ఆ రాత్రి ఇంటివారంతా ఉలవ గుగ్గిళ్ళకు పోపు పెట్టుకొని తిన్నారు.

ఆ ఒక్క మాట ఆ పిల్లకు ఆ ఇంట్లో స్థానం ఇచ్చింది. అదే క్షణంలో “మీ పుట్టింట్లో ఇదే నేర్పారా?” అన్న మాట పడి ఉంటే? కట్టు మర్నాడు మళ్ళీ కాచుకోవచ్చు. ఆ మాట మాత్రం ఎన్ని మర్నాళ్ళు గడిచినా చల్లారదు.

పప్పు ఉడకదు, మజ్జిగ విరుగుతుంది

కొన్ని పొరపాట్లకు వంట చేసిన ఆమెను తిట్టడం వట్టి అన్యాయం. పప్పు గంటసేపు ఉడికినా పలుకుగానే ఉంటే తప్పు ఆమెది కాకపోవచ్చు, బావి నీటిది కావచ్చు. సున్నపు గుణం ఎక్కువగా ఉన్న నీటిలో పప్పు మెత్తబడదు. చింతపండు ముందే వేసినా అంతే, పులుపు పప్పును బిగబట్టేస్తుంది. పప్పు పూర్తిగా ఉడికిన తరువాతే పులుసు పోయాలి. చిటికెడు సోడా వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే గాని, పప్పులోని బి1 విటమిను నశిస్తుంది. రాత్రే నానబెట్టుకోవడం మేలు.

మజ్జిగ పులుసు విరిగి నీళ్ళు నీళ్ళుగా, ముక్కలు ముక్కలుగా అయిపోయిందా? సెగ ఎక్కువై ఉంటుంది. మజ్జిగలో ముందుగానే కాస్త శనగపిండి గాని బియ్యప్పిండి గాని ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగమీద కలుపుతూ కాస్తే విరగదు.

కారం ఎక్కువైన చారు తిని చెంబులకు చెంబులు నీళ్ళు తాగేవారిని చూస్తాం. మిరపలోని మంట పుట్టించే పదార్థం నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి నీళ్ళకన్నా పాలో, పెరుగో, నేతి ముద్దో త్వరగా ఉపశమనం ఇస్తుంది.

నవ్వకూడని పొరపాటు

ఇంతవరకు నవ్వుకున్నాం. కుండలో జరిగే పొరపాట్లన్నీ నవ్వుకొనేవి కావు. పరిశుద్ధ గ్రంథంలో రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయంలో ఒక వంట కథ ఉంది. గిల్గాలులో కరువు కాలం. ప్రవక్తల శిష్యులకోసం పెద్ద కుండ పొయ్యిమీద పెట్టారు. ఒకడు పొలానికి వెళ్ళి, తనకు తెలియని అడవి తీగ కాయలు ఒడినిండా కోసుకొచ్చి, తరిగి అందులో వేశాడు. తినబోయినవారు రుచి చూడగానే అది ప్రాణం తీసేదని గ్రహించి కేక పెట్టారు. ఎలీషా పిండి తెప్పించి కుండలో వేశాడు. అందరూ తిన్నారు, ఎవరికీ హాని కలగలేదు.

ఈ కథలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, తిన్నవారు మొహమాటపడలేదు, వెంటనే చెప్పారు. రెండవది, కాయలు తెచ్చినవాణ్ణి ఎవరైనా నిందించినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. ముందు కుండ సంగతి చూశారు.

మన కాలంలో దీనికి విరుద్ధంగా జరిగిన ఒక విషాదం ఉంది. 2013 జులై 16న బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామంలో బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిని 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంట చేసిన ఆమె చెప్పినా లెక్కచేయలేదని, పిల్లలు రుచి బాగాలేదన్నా తినమన్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి.

పొలం పనులు చేసుకొనే మన ఇళ్ళలో పురుగుమందు లేని ఊరు లేదు. ఖాళీ అయిన మందు డబ్బా కడిగి నూనెకో, కిరోసినుకో, ఉప్పుకో వాడే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఎంత కడిగినా ఆ డబ్బా వంటింటికి పనికిరాదు.

భయం లేని వంటిల్లు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చారులో ఉప్పెక్కువైతే కంచం విసిరికొట్టే ఇంట్లో, వంట చేసే ఆమె ఏం నేర్చుకుంటుంది? వంట కాదు, దాచడం నేర్చుకుంటుంది. గిన్నెలో బల్లి పడినా తీసి పారవేసి, తిట్లకు భయపడి నోరు మెదపదు. నూనె వాసన తేడాగా ఉన్నా, “ఉన్న నూనె పారబోశావా?” అంటారని అదే వాడుతుంది. పిల్లలు చేదుగా ఉందంటే, “నోరు మూసుకొని తిను” అంటారు. చిన్న పొరపాటుకు నవ్వలేని ఇంట్లో పెద్ద పొరపాటు చెప్పేవారు ఉండరు.

అలాకాక, “ఈ పూట ఎద్దులకు చారు” అనగలిగిన ఇంట్లో కోడలు ధైర్యంగా, “అత్తయ్యా, ఇది ఎవరూ తినకండి, ఏదో తేడాగా ఉంది” అని చెప్పగలదు. ఆ ధైర్యం ఒకనాడు ప్రాణాలు కాపాడుతుంది. నవ్వు కేవలం సరదా కాదు, ఇంటికి కాపలా కూడా.

కొన్ని జాగ్రత్తలు

1. ఉప్పు, పంచదార, సోడా డబ్బాలమీద పేర్లు వ్రాయండి. చదువురాని పెద్దవారుంటే మూతలకు వేరు వేరు రంగులు వేయండి.

2. పదిమందికి వండేటప్పుడు ఉప్పు వేసే బాధ్యత ఒక్కరిదే. మిగిలినవారు అడగాలి, వేయకూడదు.

3. ప్రెషరు కుక్కరులో పప్పు, నీళ్ళు కలిసి సగానికి మించకూడదు. పప్పు నురగ ఆవిరి దారిని మూసివేస్తుంది. ఆవిరి పూర్తిగా పోకముందు మూత లాగవద్దు.

4. పోపు గరిటెలో నూనె అంటుకొంటే నీళ్ళు చల్లవద్దు, మంట ఎగసిపడుతుంది. మూత పెట్టి పొయ్యి ఆర్పండి.

5. పులుపున్న చారును కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో కాచవద్దు, నిలువ ఉంచవద్దు.

6. పురుగుమందు ఇంటికి దూరంగా, తాళంలో ఉంచండి. ఖాళీ డబ్బా చిల్లు పొడవండి. ఎవరైనా పొరపాటున మింగితే, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

7. భోజనానికి కూర్చున్న పెద్దవారు తమ పిల్లలు “ఇది బాగాలేదు” అన్నప్పుడు కోప్పడక, ముందు తాము రుచి చూడాలి.

ఈ రాత్రి మీ ఇంట చారు పలుచనైతే, పోపు మాడితే, ఉప్పు మరచిపోతే, మొదటి ముద్ద నోట పెట్టుకొన్నవారు ఏమంటారో అన్న కళ్ళతో ఒకరు మీవైపు చూస్తూ ఉంటారు. ఉప్పు చిప్ప చేతికందేంత దూరంలోనే ఉంటుంది. మాట మాత్రం ఆలోచించి వడ్డించండి.