లవొదికయకు నీళ్లు ఎక్కడివి?

ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో ఒక్క మెచ్చుకోలుకు కూడా నోచుకోనిది లవొదికయ సంఘం. అందుకేనేమో, మన ప్రసంగాల్లో ఆ పేరు దాదాపు తిట్టుగా మారిపోయింది. ప్రభువు ఉమ్మివేశాడు, ఊరు నేలమట్టమైంది, కావాలంటే శిథిలాలు చూసుకోండి అని ముగించే బోధకులు చాలామంది ఉన్నారు. శిథిలాలున్న మాట నిజమే. ఆ రాళ్లు చెప్పే కథ మాత్రం వేరు.

నేటి టర్కీ దేశపు నైరుతి భాగంలో, దెనిజ్లి పట్టణానికి ఉత్తరాన సుమారు 6 కిలోమీటర్ల దూరంలో, లైకస్ నది లోయలోని గుట్ట మీద ఉంది ఈ నగరం. సిరియా నేలిన రెండవ అంతియొకు రాజు క్రీ.పూ. మూడో శతాబ్దం మధ్యలో దీన్ని కట్టించి తన భార్య లవొదికె పేరు పెట్టాడు. ఆ తర్వాత ఆమెను పక్కనపెట్టి ఐగుప్తు రాజకుమార్తె బెరెనీకేను పెళ్లాడాడు. దానియేలు 11:6లోని దక్షిణ దేశపు రాజకుమార్తె ఈమేనని వ్యాఖ్యాతలు చెబుతారు. క్రీ.పూ. 133లో పెర్గము రాజు తన రాజ్యాన్ని రోముకు వీలునామా రాసి చనిపోవడంతో, ఆ ప్రాంతమంతా రోము వారి ఆసియ రాష్ట్రమైంది.

ఎఫెసు నుంచి తూర్పుకు వెళ్లే రాజమార్గం ఊళ్లోంచే పోయేది. కాకి నలుపులో మెరిసే ఇక్కడి గొర్రెల ఉన్ని మిలేతు ఉన్ని కంటే మెత్తనని స్ట్రాబో రాశాడు. క్రీ.పూ. 51లో కిలికియకు అధిపతిగా వచ్చిన సిసెరో తన ప్రభుత్వ హుండీలను ఈ ఊళ్లోనే సొమ్ము చేసుకోవాలనుకున్నాడు. యూదులు కూడా ఇక్కడ పెద్ద సంఖ్యలోనే ఉండేవారు. యెరూషలేము దేవాలయానికి వాళ్లు పంపదలచిన బంగారాన్ని క్రీ.పూ. 62లో ఫ్లాకస్ అనే అధిపతి జప్తు చేయించాడు. లవొదికయలో పట్టుబడిందే 20 రోమన్ పౌన్లకు పైగా ఉంది, అంటే మన లెక్కలో ఆరున్నర కిలోలు!

ఇది భూకంపాల నేల. అగస్టు కైసరు కాలంలో ఒకసారి కుదిపేసినప్పుడు లవొదికయ వారు సాయం కోసం రోముకు మొరపెట్టుకున్నారు. వారి పక్షాన సెనేటులో మాట్లాడినవాడు యువకుడైన తిబెరి. తర్వాత చక్రవర్తి అయ్యాడు, లూకా 3:1లో పేరున్నది ఆయనదే. క్రీ.శ. 60లో మళ్లీ భూకంపం వచ్చింది. ఈసారి ఊరు రోము సాయమేమీ లేకుండా సొంత డబ్బుతోనే లేచి నిలబడిందని చరిత్రకారుడు తాసితస్ ప్రత్యేకంగా రాశాడు. 79లో నికోస్త్రాతు అనే ఊరి శ్రీమంతుడు ఒక క్రీడా మైదానాన్నే కట్టించి ఇచ్చాడు. ఒకప్పుడు చెయ్యి చాచిన ఊరికి, మూడు తరాలు తిరిగేసరికి ఎవరి సాయమూ అక్కరలేకపోయింది.

ఆ గర్వమే సంఘంలోకీ వచ్చింది. ఎపఫ్రా ఈ సంఘం కోసం ప్రయాసపడ్డాడని పౌలు సాక్ష్యమిచ్చాడు. నుంఫా ఇంట్లో కూడుకొనే విశ్వాసులకు వందనాలు పంపాడు (కొలొస్స 4:13-16). తర్వాత పత్మాసు ద్వీపం నుంచి యోహాను ద్వారా లేఖ వచ్చేనాటికి, తన భాగ్యం చూసుకొని మురిసిపోతున్న సంఘంగా మారింది. మామూలుగా చెప్పే కాలం ప్రకారం అది సుమారు 95వ సంవత్సరం. కొత్త మైదానం కట్టి అప్పటికి పదహారేళ్లే. ఊరు ఎలా మాట్లాడుతోందో సంఘం అలాగే మాట్లాడింది.

మరి ఆ ఊరికి నిజంగా ఏ లోటూ లేదా? ఉంది. అది నీళ్లు.

నగరానికి చాలినంత మంచినీరు గుట్ట మీద లేదు. దక్షిణాన కొండ పాదాల దగ్గరి ఊటల నుంచి సుమారు 8 కిలోమీటర్ల దూరం తేవాల్సి వచ్చింది. రాతి దిమ్మెలకు నడిమధ్య రంధ్రం తొలిచి, ఒకదానికొకటి అతికి, లోయలోకి దించి మళ్లీ గుట్ట ఎక్కించారు. ఆ గొట్టాలు ఈనాటికీ అక్కడ పడి ఉన్నాయి. నీటిలోని సున్నం పేరుకొని లోపలి దారి చాలావరకు పూడుకుపోయింది.

2011లో తవ్వకాల్లో ఒక పాలరాతి శాసనం దొరికింది. క్రీ.శ. 114లో ఆసియ అధిపతి ఆమోదించిన నీటి చట్టమది. కాలువను పాడుచేసినా, నీటిని మురికి చేసినా, గొట్టాల ముద్రలు తెంచినా, పొలం పేరు చెప్పి నీరు మళ్లించినా జరిమానా. తక్కువలో తక్కువ 5,000 దేనారములు, ఎక్కువైతే 12,500. మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలివాడి రోజు కూలి ఒక దేనారము. ఆ లెక్కన చిన్న జరిమానాకే పదమూడేళ్లకు పైగా కష్టపడాలి! నీటికి ఇంత కాపలా పెట్టిన ఊరు, తనకు అన్నీ ఉన్నాయని చెప్పుకొన్న ఊరు ఒక్కటే. ఆ లేఖను మొదట విన్నవారు రోజూ తాగుతున్నది ఎక్కడి నుంచో వచ్చిన నీళ్లే.

నులివెచ్చదనం గురించి ఒక మాట. హియెరాపొలి వేడి ఊటల నీరు లవొదికయకు చేరేసరికి గోరువెచ్చగా అయ్యేదని మనం చెబుతుంటాం. ఆ ఊటలు ఉత్తరాన ఉన్నాయి, నీరు వచ్చింది దక్షిణం నుంచి. ఒక వైపు హియెరాపొలి వేడినీరు, మరో వైపు కొలొస్స చల్లని నీరు, రెండూ పనికొచ్చేవే, మధ్యలో ఎందుకూ పనికిరాని నీరు అనే వివరణ 1957లో వచ్చిన ఒక వ్యాసంతో ప్రచారం పొందింది. దాన్నీ కొందరు పండితులు ఒప్పుకోరు. విందుల్లో వేడి పానీయమో చల్లని పానీయమో ఇవ్వడం ఆనాటి మర్యాదనీ, ప్రభువు పోలిక అక్కడిదనీ అంటారు. నాకు ఈ వివరణే సబబుగా తోస్తుంది. ఎందుకంటే అదే లేఖ చివర్లో ప్రభువు తలుపు దగ్గర నిలబడి, లోపలికి వచ్చి భోజనం చేస్తానంటాడు.

పైగా ఆయన ఉమ్మివేశానని చెప్పలేదు, వేయబోతున్నానన్నాడు. గ్రీకు మూలంలో ఆ భేదం స్పష్టంగా ఉంది. చరిత్ర కూడా దానికి తగ్గట్టే నడిచింది. లేఖ అందిన తర్వాత లవొదికయ మరో ఐదు వందల ఏళ్లు బతికింది. 160ల్లో అక్కడి బిషప్పు సాగరిసు క్రీస్తు కోసం హతసాక్షి అయ్యాడు. ఆయన సమాధి అక్కడే ఉందని ఎఫెసు బిషప్పు పోలిక్రేటు రాసిన మాటను యుసేబియసు చరిత్రలో భద్రపరిచాడు. నులివెచ్చని సంఘం నుంచి ఇలాంటివాడు వస్తాడా? వచ్చాడు.

నాలుగో శతాబ్దపు పెద్ద చర్చి ఒకటి 2010లో బయటపడింది. శిలువ ఆకారపు బాప్తిస్మపు తొట్టి కూడా అందులో ఉంది. 363 ప్రాంతంలో ఇక్కడ జరిగిన సంఘ సభ పేరిట ఉన్న 60 నియమాల్లో చివరిది బైబిలు పుస్తకాల పట్టిక. అది తర్వాత చేర్చిందని చాలామంది అంటారు. విచిత్రమేమిటంటే, ఆ పట్టికలో ప్రకటన గ్రంథం లేదు! ఆ ఊరివాళ్లు తమ లేఖను మరిచిపోవాలనుకున్నారని ఎవరైనా నవ్వితే కాదనలేం గానీ, ఆ గ్రంథం విషయంలో తూర్పు సంఘాలు చాలాకాలం వెనకాడిన మాట వాస్తవం.

ఏడో శతాబ్దపు తొలి ఏళ్లలో మళ్లీ భూకంపం. ఈసారి కట్టడానికి డబ్బూ లేదు, రోము శక్తీ లేదు. శత్రువుల దాడుల భయం కూడా ఉంది. జనం గుట్ట దిగి దక్షిణాన కొండ వాలుకు, ఇప్పటి దెనిజ్లి వైపు తరలిపోయారు. ఇన్నేళ్లూ గొట్టాల్లో నీళ్లు వచ్చింది అటునుంచే.