కత్తి పుట్టినిల్లు ఏది?

పాత కత్తి ఒకటి దొరికిందనుకుందాం. దాని పిడి మీద అందమైన చెక్కడపు పని ఉంది. చేసినవారి పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. అది ఏ ప్రాంతానిదో తెలుసుకోవడం ఎలా? పిడి మీది తీగనో, చిలుకనో చూసి వెంటనే ఊరి పేరు చెప్పడం తగదు. కత్తిని అన్ని వైపులా పరిశీలించాలి.

రెండు కత్తులను పోల్చి చూద్దాం. ఒకటి కర్ణాటకలోని కొడగు ప్రాంతానిది. దీనిని పీచెకత్తి అంటారు. రెండవది శ్రీలంకలోని కాండీ రాజ్యానికి చెందినది. దీని పేరు పిహా కెత్త. ఆ రాజ్యం 1815లో ఆంగ్లేయుల వశమైంది. రెండూ పొట్టివే; రెంటికీ ఒకవైపే పదును. పిడికి వెండి పని కూడా రెంటిలోనూ కనిపిస్తుంది. అందువల్ల పైపైన చూసేవారు పొరబడవచ్చు.

ఇప్పుడు తేడాలు గమనించండి. పీచెకత్తి పిడి చివర తరచుగా చిలుక తలను పోలి ఉంటుంది. అలుగు సాధారణంగా నునుపుగా, పనితనం లేకుండా ఉంటుంది. ఒరకు వెండి గొలుసులు, వాటికి చిన్న చిన్న పనిముట్లు వేలాడుతుంటాయి. కొడవ పురుషులు వేడుకల సమయంలో దీనిని నడికట్టులో ముందువైపు దోపుకొంటారు. పిహా కెత్తలో పిడి దగ్గరి అలుగు మీద కూడా ఇత్తడి లేక వెండి తీగల అల్లిక పరచుకొని ఉంటుంది. కొన్నింటి ఒరలో తాటాకుల మీద రాసే గంటానికి కూడా చోటు ఉంటుంది. చూశారా! పిడి చెప్పలేని సంగతిని అలుగు, ఒర చెప్పాయి.

మరొక చిక్కు ఉంది. అలుగుకు పుట్టినిల్లు ఒకటి, మెట్టినిల్లు మరొకటి కావచ్చు. ఇండోనేషియాలోని క్రిస్ అనే బాకుకు అలుగు ఒక తరానిది, పిడి తరువాతి తరానిది కావడం మామూలే. తెలంగాణలో, నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో తయారైన ఉక్కును పూర్వం పర్షియా వర్తకులు కొనుక్కొని పోయేవారు. ఆ ఉక్కుతో పర్షియాలో కత్తి చేస్తే, ఉక్కు ఒక దేశానిది, పనితనం మరొక దేశానిది. కాబట్టి ఉక్కు ఎక్కడిది, అలుగు ఎక్కడ చేశారు, పిడి ఎక్కడ తొడిగారు అని విడివిడిగా ప్రశ్నించుకోవాలి.

పిడి దేనితో చేశారో కూడా చూడాలి. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసినచోట ఒకదానినొకటి ఖండించుకొనే సన్నని గీతలుంటాయి. ఎముక మీద సన్నని నల్లని చుక్కలు, చారలు కనిపిస్తాయి. చాలాకాలం వాడిన పిడి వేళ్లు ఆనేచోట ఎక్కువగా అరిగి ఉంటుంది. చెక్కడపు అంచులు కొత్తగా పదునుగా ఉండి, నలుపు మాత్రం అంతటా ఒకే తీరుగా ఉంటే, పాతదానిలా కనిపించేందుకు రంగు పూశారేమోనని అనుమానించాలి.

ఇంత శ్రమ ఎందుకని మీకు తోచవచ్చు. ప్రదర్శనశాలలో పీచెకత్తి కింద “దక్షిణ భారతదేశపు కత్తి” అని మాత్రమే రాస్తే తప్పేమీ కాదు. కాని కొడవల పేరు, దానిని మలచిన పనివారి నేర్పు మరుగునపడిపోతాయి. తప్పు పేరు రాస్తే ఒకరి నేర్పు మరొకరి ఖాతాలో చేరుతుంది.

పాత వస్తువును చింతపండుతోను, ఇటుకపొడితోను తోమరాదు. తోమితే మెరుపు వస్తుంది, సాక్ష్యం పోతుంది. అది ఎక్కడ దొరికింది, ఎవరు వాడారు, ఇంట్లో దానిని ఏ పేరుతో పిలుస్తారు అన్న వివరాలను పెద్దలను అడిగి రాసి ఉంచాలి. ఇనుము వంద సంవత్సరాలు నిలుస్తుంది. దాని పేరు మాత్రం చెప్పేవారితోనే పోతుంది.