ఊడిపోయే పాలపంటికి రూట్ కెనాల్ అవసరమా?

“ఎలాగూ ఊడిపోయే పన్నే కదా, దానికి వైద్యమెందుకు?” పిల్లలకు పిప్పిపన్ను వచ్చినప్పుడు చాలామంది తల్లిదండ్రులు అనే మాట ఇది. కాని పాలపళ్ళు ఇరవై కూడా ఒకేసారి ఊడవు. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు కదిలినా, వెనుక దవడపళ్ళు 10–12 సంవత్సరాల వరకు నిలవాలి. నాలుగేళ్ళ బిడ్డ మరో ఆరేళ్ళకు పైగా వాటితోనే నమలాలి. పైగా, రాబోయే శాశ్వత దంతానికి చోటు కాపాడేవి అవే. ముందుగానే తీసివేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కొత్త పన్ను వంకరగా రావచ్చు.

ఇంటి వైద్యం ఎంతవరకు?

నల్లబడి, రంధ్రం పడి, తీవ్రంగా బాధించే పంటిని సుశ్రుతుడు ‘క్రిమిదంతకం’ అన్నాడు. లవంగ నూనెలోని యూజినాల్ ఆ నొప్పిని మొద్దుబారుస్తుంది; లోపలి కుళ్ళును మాత్రం ఆపలేదు. పసిపిల్లల చిగుళ్ళను ఆ నూనె మండిస్తుంది, మింగితే ప్రమాదం. కనుక వారికి వాడరాదు. ఉమ్మివేయగల పిల్లలచేత గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపజేయవచ్చు. ఆస్పిరిన్ ఇవ్వరాదు.

చికిత్సా విధానం

పుచ్చు పంటి లోపలి గుజ్జును చేరినా, వేర్లలోని గుజ్జు ఆరోగ్యంగా ఉంటే, పైభాగాన్ని మాత్రమే తొలగిస్తారు. ఇది పల్పాటమీ. వేర్ల వరకు చెడితే గుజ్జునంతా తీసి, శుభ్రపరచి నింపుతారు. ఇది పల్పెక్టమీ, పాలపంటికి చేసే రూట్ కెనాల్ ఇదే.

పెద్దల పళ్ళలో నింపే గట్టాపర్చా కరగదు. శాశ్వత దంతం పైకి వచ్చే వేళకు పాలపంటి వేర్లు కరిగిపోవాలి గనుక, ఇక్కడ కరగగల ముద్దనే నింపుతారు. చిరకాలంగా వాడుకలో ఉన్న ముద్ద జింక్ ఆక్సైడ్, యూజినాల్‌ల మిశ్రమం. లవంగంలోని సారమే వైద్యుని చేతిలో ఈ విధంగా ఉపకరిస్తున్నది! చివరగా దవడపంటికి సాధారణంగా స్టీలు తొడుగు వేస్తారు.

అయితే ఊడే సమయం సమీపించిన పంటికి, వేర్లు బాగా కరిగిన పంటికి ఈ శ్రమ అనవసరం, తీసివేయడమే మేలు. ముందుగా తీయవలసివస్తే, చోటు కాపాడే తీగ అమర్చాలేమో వైద్యుని అడగండి.

చెంప వాచి జ్వరం వస్తే ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

నివారణ

పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చకండి. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు మీరే తోమండి. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆపై ఆరేళ్ళ వరకు బఠానీగింజంత పేస్టు చాలు.