ఒక్క సంతకమే అక్కా!

'అక్కా, ఆదివారం ఒకసారి వచ్చిపో. చిన్న సంతకం పెట్టేది ఉంది. బావను కూడా తోల్కరా...'

పుప్పాలగూడ, నార్సింగి, మణికొండల్లో పుట్టి పెరిగి, ఎక్కడెక్కడో కాపురాలు చేసుకుంటున్న ఆడపిల్లలకు ఇలాంటి పిలుపు కొత్తేమీ కాదు. వెళ్లేసరికి వంటింట్లో మాంసం ఉడుకుతుంటుంది. భోజనాలయ్యాక ఒక ఫైలు బయటికొస్తుంది. బోలెడన్ని పేజీలు. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో టిక్కులు కొట్టి ఉంటాయి. చదువుదామంటే తమ్ముడు ఏమనుకుంటాడోనని మొహమాటం. అమ్మ ముఖం చూసి పెట్టేస్తారు.

ఒకప్పుడు ఇక్కడి గుట్టల మధ్య పొలాన్ని ఎవరు దున్నుకున్నా పెద్దగా పట్టించుకునేవారు కాదు. హైటెక్ సిటీ, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు, అవుటర్ రింగురోడ్డు వచ్చాక లెక్క మారింది. పక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అది రోడ్లేసి, లేఅవుట్ చేసి అమ్మిన స్థలం. మామూలు పొలానికి అంత రాదు. అయినా గుంట అంటే 121 గజాలు. ఆ చుట్టుపక్కల గుంట కూడా ఇప్పుడు చిన్నమాట కాదు.

అందుకే బిల్డరుకు, అప్పిచ్చే బ్యాంకుకు, రేపు ఫ్లాట్ కొనేవారికి... అందరికీ ఆ ఇంటి ఆడపడుచు సంతకం కావాలి. అది లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు ఆమె కోర్టుకెళ్లొచ్చు. లాయరు మొదట అడిగే ప్రశ్న, 'ఆడపిల్లలెంతమంది?'

ఒకే ఇల్లు... మూడు లెక్కలు

ఒక ఇల్లు ఊహించుకుందాం. అమ్మా నాన్నా, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు. తాతల నాటి ఉమ్మడి భూమి 2 ఎకరాల 16 గుంటలు, అంటే 96 గుంటలు. పెద్దమ్మాయి పెళ్లి 1982లో అయింది. చిన్నమ్మాయిది 1988లో. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఉమ్మడి భూమి మొదట తండ్రికీ కొడుక్కీ చెరిసగం. తండ్రి సగం మళ్లీ నలుగురికీ సమానం. వెరసి కొడుక్కి 60 గుంటలు, అక్కాచెల్లెళ్లకూ తల్లికీ తలా 12.

ఎన్టీఆర్ ప్రభుత్వం దీన్ని మార్చింది. కూతురికీ పుట్టుకతోనే హక్కు ఉంటుందంటూ 1986లో రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తర్వాత ఇదే బాట పట్టాయి. అయితే అందులో ఓ మెలిక. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించదు. దాంతో మన ఇంట్లో చిన్నమ్మాయికి తమ్ముడితో సమానంగా 40 గుంటలు, పెద్దమ్మాయికి 8! ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ల మధ్య పెళ్లి తేదీ 32 గుంటల తేడా పెట్టింది. ముందు పుట్టి, ముందు అత్తారింటికి వెళ్లడమే పెద్దమ్మాయి చేసిన తప్పన్నమాట.

ఆ మెలికను కేంద్రం 2005 సెప్టెంబరు 9న తీసేసింది. పెళ్లయినా కాకపోయినా కూతురు కూతురే. ఇప్పుడు లెక్క... ముగ్గురు పిల్లలకూ తలా 30 గుంటలు, తల్లికి 6. ప్రతి మార్పుతోనూ తల్లి వాటా 12 నుంచి 8కి, 8 నుంచి 6కి తగ్గిపోయింది. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు!

కొత్త చట్టం వచ్చాక ఇంకో తగువు మొదలైంది. 2005 సెప్టెంబరు 9కి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కని సుప్రీంకోర్టు 2015లో ఒక తీర్పిచ్చింది. ఎన్నో కేసులు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చిచెప్పింది- హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి ఆనాటికి ఉన్నాడా లేడా అన్నది అనవసరం అని.

అలాగని పాతవన్నీ తిరగదోడతామంటే కుదరదు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలనూ, రిజిస్టరైన లేదా కోర్టు డిక్రీ అయిన పంపకాలనూ 2005 సవరణ ముట్టుకోదు. 'ఎప్పుడో నోటిమాట మీద పంచుకున్నాం' అంటే మాత్రం కోర్టు అంత తేలిగ్గా నమ్మదు. గట్టి ప్రభుత్వ రికార్డు చూపించాలి.

ఒంగోలు కోర్టులో అన్నదమ్ముల భాగాల దావా ఒకటి ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి 1993లోనే పోయాడు. 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. తుది డిక్రీ కాకముందే 2005 చట్టం రావడంతో అక్కాచెల్లెళ్లు తమకూ సమాన వాటా ఇమ్మన్నారు. కింది కోర్టు సరేనంది, హైకోర్టు కాదంది. 2011 అక్టోబరు 12న సుప్రీంకోర్టు ఆడపిల్లల పక్షాన నిలిచింది. తుది డిక్రీ అయ్యేదాకా పంపకం పూర్తయినట్టు కాదంది.

సంతకం పెట్టే ముందు...

తండ్రి సొంత సంపాదనతో కొన్న ఆస్తి సంగతి వేరు. అది ఆయనిష్టం, ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతేనే భార్యాబిడ్డలకు సమానంగా వస్తుంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలున్నాయి. ఇక 'కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమలు పెట్టాం' అన్న మాట ఇళ్లలో బాగా వినిపిస్తుంది. కట్నం వాటాను రద్దు చేయదు. అసలు ఇవ్వడమే 1961 నుంచి నేరం.

తన వాటా తమ్ముడికి వదిలేయాలనుకుంటే ఏ అక్కనూ చట్టం ఆపదు. దానికి హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం మీద రాసిచ్చినదానికి విలువ లేదు. రిజిస్టరైతే మాత్రం వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మోసం చేసి రాయించుకున్నారంటే, ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. కోర్టులో రుజువు చేయాల్సిందీ ఆమే.

కాబట్టి ఫైలు ముందుకొచ్చినప్పుడు రెండ్రోజులు ఇంటికి తీసుకెళ్లి చదవడంలో తప్పులేదు. సర్వే నంబరు, విస్తీర్ణం ఏమున్నాయి? వదులుకునేది ఆ ఒక్క భూమేనా, 'సమస్త ఆస్తులు' అని రాశారా? సంతకం సాక్షిగానా, హక్కుదారుగానా? బిల్డరుతో చేసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ అయితే తన పేరు మీద ఎన్ని అడుగులు వస్తాయో అందులో ఉందా? డబ్బిస్తామంటే అది బ్యాంకు ద్వారా తీసుకుని ఆ మొత్తం దస్తావేజులో రాయించుకోవాలి. ఒక నకలు తన బీరువాలో ఉండాలి. ఇవన్నీ అడిగే అక్కను చూసి నొచ్చుకునే తమ్ముడు, బిల్డరు దగ్గర ఇంతకు రెండింతలు అడిగే ఉంటాడు!

లాయరుకిచ్చుకోలేనివారికి దారి ఉంది. న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేయొచ్చు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. దావా వేశాక కూడా లోక్ అదాలత్‌లో రాజీపడొచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కిస్తారు.