నిదానమైన కంప్యూటరు

1977 సెప్టెంబరు 5వ తేదీన అమెరికా వారు వాయేజర్-1 అనే నౌకను అంతరిక్షంలోకి పంపారు. అది 1979లో గురుగ్రహాన్నీ, 1980లో శనిగ్రహాన్నీ దగ్గిరగా చూసి, ఫోటోలు తీసి పంపి, తన దారిన తాను ముందుకు సాగిపోయింది. 2024 నాటికి అది మనకు సుమారు 2,400 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఆ నౌక పనులన్నీ నడిపించటానికి అందులో మూడు రకాల కంప్యూటర్లున్నాయి. వాటన్నిటి జ్ఞాపకమూ కలిపితే సుమారు 70 వేల బైట్లు. బైటు అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టేటంత చోటు. ఈ రోజుల్లో ఫోనుతో తీసే ఒక్క ఫోటో కూడా ఆ చోటులో పట్టదు!

2023 నవంబరులో ఈ నౌక పంపే కబుర్లు ఉన్నట్టుండి అర్థం లేకుండా పోయాయి. మన ఇంట్లో వస్తువైతే, "పాతబడిపోయింది, కొత్తది కొందాం" అనవచ్చు. కాని అంత దూరం వెళ్ళి కంప్యూటరు మార్చి వచ్చేదెవరు? ఇక్కడి నుంచి పంపిన కబురు అక్కడికి చేరటానికే అప్పట్లో ఇరవై రెండున్నర గంటలు పట్టేది. జవాబు రావటానికి మళ్ళీ అంత కాలం పట్టేది.

ఇంజనీర్లు తొందరపడలేదు. లోపం ఎక్కడున్నదో ముందు వెతికారు. నెలల తరబడి వెతికిన మీదట అది దొరికింది. కబుర్లను కూర్చే కంప్యూటరులో ఒక చిప్పు పాడై, దాని జ్ఞాపకంలో నూటికి 3 వంతులు చెడిపోయింది. అక్కడున్న ఆజ్ఞలన్నిటినీ పెట్టటానికి మరెక్కడా ఒకేచోట ఖాళీ లేదు. అందుచేత, వాన కారే గదిలోని సామాను తక్కిన గదుల మూలల్లో సర్దుకున్నట్టుగా, వాళ్ళు ఆ ఆజ్ఞలను ముక్కలు చేసి, ఖాళీ ఉన్న చోట్లలో సర్దారు. మొదటి ముక్కకు సంబంధించిన కబురును 2024 ఏప్రిల్ 18న పంపారు. నౌక బాగానే ఉన్నదని 20వ తేదీన జవాబు వచ్చింది. తన 47వ ఏట ఆ కంప్యూటరు మళ్ళీ పనిలో పడింది.

మన ఇళ్ళలోనూ, బళ్ళలోనూ ఉన్న పాత కంప్యూటర్లకు ఇంత కష్టం రాదు. అవి వేరే విధంగా విసిగిస్తాయి. మీట నొక్కి, మంచినీళ్ళు తాగి వచ్చినా తెర ఇంకా సిద్ధమై ఉండదు. పాఠం తెరుచుకునేలోపల చదవాలన్న ఆసక్తి కాస్తా పోతుంది. పిల్లలు కొత్తది కొనమంటారు. పెద్దవాళ్ళు దాని ఖరీదు విని ఆలోచనలో పడతారు. కొనాలా, వద్దా అని తేల్చుకునే ముందు ఇద్దరూ కలిసి మరొక ప్రశ్న వేసుకోవాలి: ఈ కంప్యూటరులో అసలు నిదానంగా ఉన్నది ఏది?

ఈ సంగతి తెలియటానికి కంప్యూటరును ఒక ఆఫీసు అనుకోండి. అందులో ఒక గుమాస్తా ఉన్నాడు. లెక్కలన్నీ చేసేది అతనే. అతని పేరు ప్రాసెసరు. అతని ముందు ఒక బల్ల ఉన్నది. ఇప్పుడు చేస్తున్న పనికి కావలసిన కాగితాలు దాని మీద ఉంటాయి. దాని పేరు ర్యామ్. వెనక ఒక రికార్డు గది ఉన్నది. కంప్యూటరును ఆపినా పోకుండా ఉండవలసినవన్నీ అక్కడ ఉంటాయి. దాని పేరు డిస్కు.

గుమాస్తా మహా చురుకైనవాడు. పదేళ్ళ నాటి ప్రాసెసరు కూడా సెకండుకు 200 కోట్ల అడుగులు వెయ్యగలదు. బల్ల మీది కాగితం అందుకోవటానికి అతనికి సెకండులో సుమారు కోటో వంతు చాలు. కాని పాత కంప్యూటర్లలో డిస్కు అంటే గిరగిర తిరిగే పళ్ళెం. చాలా వాటిలో అది నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి. అందుకు సెకండులో సుమారు నూరో వంతు పడుతుంది. మనకది రెప్పపాటు కన్న తక్కువే. గుమాస్తాకు మాత్రం కాదు. బల్ల మీది కాగితం తీయటానికి 1 సెకండు పడుతుందనుకుంటే, రికార్డు గదికి వెళ్ళి రావటానికి 28 గంటలు పట్టినట్టు లెక్క! ఒక కాగితం కోసం ఒక పగలూ, ఒక రాత్రీ దాటిపోతాయన్నమాట. ఆ సేపంతా గుమాస్తా చేతులు ముడుచుకుని కూర్చుంటాడు.

బల్ల చిన్నదైతే ఈ బాధ ఇంకా ఎక్కువవుతుంది. చోటు చాలక ఒక కాగితాన్ని రికార్డు గదికి పంపి, మరొకటి తెప్పించుకోవాలి. మళ్ళీ మొదటిది కావలసి వస్తుంది. పనికన్న తిరుగుడే ఎక్కువ.

"కొన్నప్పుడు బాగానే ఉండేదే!" అని మీరు అడగవచ్చు. నిజమే. గుమాస్తా ముసలివాడు కాలేదు. పని పెరిగింది. ఏటేటా ప్రోగ్రాములు పెద్దవవుతున్నాయి. మనం అడగకుండానే కంప్యూటరుతోబాటు నిద్రలేచే ప్రోగ్రాములు ఒకటొకటిగా చేరుతున్నాయి. బల్ల మాత్రం ఆనాటిదే.

మీ కంప్యూటరులో విండోస్ ఉంటే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, ఈ మూడూ నూటికి ఎంతవంతు పనిలో ఉన్నాయో కనిపిస్తుంది. కంప్యూటరు విసిగించే సమయంలోనే చూడాలి.

డిస్కు అంకె ఎంతసేపటికీ 100 దగ్గిరే ఉండి, ప్రాసెసరు అంకె చిన్నదిగా ఉంటే, గుమాస్తా ఖాళీగా కూర్చున్నాడని అర్థం. తిరిగే పళ్ళెం తీసేసి ఎస్.ఎస్.డి. పెట్టించండి. అందులో తిరిగేది ఏదీ ఉండదు, అంతా చిప్పులే. మన లెక్క ప్రకారం 28 గంటల ప్రయాణం సుమారు 17 నిమిషాలకు దిగుతుంది. మార్పించే ముందు మీ రాతలనూ, ఫోటోలనూ వేరేచోట నకలు తీసుకోవటం మరవవద్దు.

ర్యామ్ అంకె ఎప్పుడూ నిండుగా ఉంటే, ఒకేసారి తెరిచి పెట్టుకున్న పేజీలు కొన్ని మూసెయ్యండి. అప్పటికీ చాలకపోతే ర్యామ్ పెంచటానికి వీలున్నదేమో అడగండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దాన్ని కదలకుండా అతికించేస్తారు, వాటిలో వీలుపడదు.

ప్రాసెసరు అంకే పెద్దదిగా ఉంటే, దాన్ని తింటున్న ప్రోగ్రాము ఏదో ఆ జాబితాలోనే కనిపిస్తుంది. అక్కర లేనిదైతే ఆపండి. కంప్యూటరు పట్టుకుంటే కాలుతున్నదా? ఫాను సందుల్లో దుమ్ము పేరుకుంటే లోపలి వేడి బయటికి పోదు. అప్పుడు ప్రాసెసరు మాడిపోకుండా ఉండటానికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపే పని పెద్దవాళ్ళు చెయ్యాలి, లేదా మెకానిక్కుకు ఇవ్వాలి.

అయితే ఎంత కాలమైనా పాతదానితోనే సరిపెట్టుకోమని కాదు. విండోస్ 10కు ఉచితంగా, మామూలుగా ఇచ్చే రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మరమ్మతు లేని కంప్యూటరుతో బ్యాంకు పనులు చెయ్యటం గొళ్ళెం లేని తలుపు వేసుకుని పడుకున్నట్టే. చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు పనికిరావు. వాటిలో లినక్స్ పెట్టుకోవచ్చు. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టినది ఇది. దీన్ని డబ్బివ్వకుండా తెచ్చుకోవచ్చు. ఇందులో తెలుగు కూడా రాయవచ్చు. చిన్న బల్లతో పని జరుపుకునే రకాలు ఇందులో ఉన్నాయి. కాని మీ బడి పనికి విండోస్ ప్రోగ్రామే తప్పనిసరి అయితే, లేదా పాతదాని మరమ్మతుకు కొత్తదాని ఖరీదులో సగం దాటితే, కొత్తది కొనటమే మేలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బితే మాత్రం అంకెలు చూస్తూ కూర్చోవద్దు. వెంటనే వాడటం మానేసి పెద్దవాళ్ళకు చెప్పండి.

పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యకూడదు, కాల్చకూడదు. అందులో సీసం వంటి విషపదార్థాలుంటాయి. బంగారం, రాగి కూడా ఉంటాయి. అటువంటి చెత్తను శుద్ధిచేసి లోహాలు తీసే అనుమతి పొందిన సంస్థలకు అది చేరాలి.

ఈ ఆదివారం అమ్మనో, నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని ఆ మూడు అంకెలూ చూసి ఒక కాగితం మీద రాయండి. దుకాణానికి వెళ్ళవలసి వస్తే ఆ కాగితం వెంట తీసుకుపొండి. ఏం కావాలని దుకాణదారు అడిగితే, జవాబు మీ చేతిలోనే ఉంటుంది.