ఏజెంటు చేతిలో వీసా ఉంది, లైసెన్సు ఉందా?

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ముగ్గురు ఏజెంట్లను అరెస్టు చేశారు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ వీళ్లు నిరుద్యోగుల దగ్గర తలా లక్షన్నర దాకా గుంజారు. అక్కడ దిగాక గానీ అసలు పనేంటో తెలియలేదు. ఆ కుర్రాళ్లను నిర్బంధించి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలకు వాడుకున్నారు.

ఇలాంటి కేసుల్లో ఏజెంట్ల వాదన ఒకటే: ‘ఇష్టపడే వెళ్లాడు, మేం దారి చూపించామంతే’. చట్టం మాత్రం ఆ దారి దగ్గరే వాళ్లను పట్టుకుంటుంది.

1983 నాటి వలసల చట్టం పదో సెక్షన్ ప్రకారం, కేంద్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే వ్యాపారం చేయకూడదు. అక్కడ ఉద్యోగం నిజంగా ఉన్నా, జీతం సక్రమంగా అందినా, లైసెన్సు లేకపోతే నేరమే. ప్రకటన ఇవ్వడం, బేరసారాలు సాగించడం కూడా ‘రిక్రూట్‌మెంట్’ నిర్వచనంలోకే వస్తాయి.

లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇష్టమొచ్చినంత అడగడానికీ లేదు. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి తీసుకోవడమూ శిక్షార్హమే. ఇక జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో తిరుగుతూ హైదరాబాద్ ఏజెంటుకో, ముంబయి ఏజెంటుకో మనుషులను అప్పజెప్పే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు.

మరి శిక్ష? ప్రత్యేక కారణాలుంటే తప్ప ఆరు నెలలకు తగ్గని జైలు, గరిష్ఠంగా రెండేళ్లు. జరిమానా వెయ్యి నుంచి రెండు వేలు. లక్ష అప్పు మీద నూటికి రెండు రూపాయల చొప్పున ఒక్క నెల మిత్తే రెండు వేలు!

అందుకే ఇతర నేరాల సెక్షన్లు కీలకమవుతాయి. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసానికి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. పనిలో దోపిడీ చేయడానికే నమ్మించి పంపారని తేలితే 143వ సెక్షన్ కింద అది మానవ అక్రమ రవాణా: ఒక్కరిని పంపితే ఏడు నుంచి పదేళ్లు, ఒకరికి మించితే పదేళ్ల నుంచి యావజ్జీవం. బాధితుడు ఒప్పుకునే వెళ్లాడన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఫిలిప్పీన్స్‌లో అక్రమ రిక్రూట్‌మెంటే పెద్ద నేరం. 1995లో చేసి 2010లో సవరించిన చట్టం ప్రకారం, బాధితులు ముగ్గురు గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని ఆర్థిక విధ్వంసంగా లెక్కిస్తారు. శిక్ష యావజ్జీవ ఖైదు, 20 లక్షల నుంచి 50 లక్షల పెసోల జరిమానా.

మన చట్టంలో చాలా కుటుంబాలకు తెలియని వెసులుబాటు ఒకటుంది. వలసల చట్టం కింద కేసు నడపాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. బాధితుడు గానీ, అతని తరఫున తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, తోబుట్టువులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. కాబట్టి కొడుకు తిరిగొచ్చేదాకా ఆగనవసరం లేదు. ఏజెంటుకు ఫోన్‌పే చేసిన వివరాలు, అతను పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, వీసా, టికెట్ కాపీలు పట్టుకుని ఊళ్లో ఉన్న తండ్రే పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. లైసెన్సు సంగతంటారా, కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెన్సీ పేరు వెతికితే తెలిసిపోతుంది.